పక్క సీటులో దిండు

ఫిబ్రవరి 9

చెల్లాయికి,

ముందుగా నా రాత చూసి నవ్వకు. దబ్బనం పట్టిన చేయి ఇది, పెన్ను పట్టుకోగానే వంకర పోతుంది. ఒత్తులు పడాల్సిన చోట పడవు, దీర్ఘాలు అక్కర్లేని చోట వస్తాయి. కుట్టు తప్పు పడితే విప్పి మళ్ళీ వేస్తాను గాని అక్షరాన్ని విప్పడం నాకు రాదు. నువ్వే సర్దుకుని చదువుకో. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నాకు మాట పెగలదు. ఊ, ఊ అంటూ ఉంటాను, అంతలో మీ వదిన లాక్కుంటుంది.

దిండు పార్సెలు చేశాను. నువ్వు పంపిన దారం ప్రకారమే కొలత. సీటు నుంచి నీ కన్ను దాకా ఒక ముడి వేశావు. నీ కన్ను ఎక్కడిదాకా లేస్తే విమానం ముక్కు అవతల రోడ్డు కనబడుతుందో అక్కడ ఇంకో ముడి. రెండు ముళ్ళ మధ్య ఎంతుందో దిండు అంత మందం. మనింట్లో అందరం పొట్టివాళ్ళమని తెలుసు గాని మరీ ఇంతని ఆ దారం చూశాకే తెలిసింది. మీ వదిన ఆ ముళ్ళు చూసి, "మంచం దిగడానికే పీట కావాల్సిన మనిషికి విమానం ఎందుకండీ" అంది. అన్నది తను. నేను నవ్వానంతే.

అడుగున గట్టి ఫోము, పైన మెత్తది. బస్సు సీట్లకి తెచ్చిన ఆకుపచ్చ రెగ్జినులో మిగిలిన ముక్క వేశాను. జారకుండా కింద గరుకు గుడ్డ కుట్టాను. వెనక రెండు నాడాలు ఉన్నాయి, సీటుకి కట్టేసుకో.

పళ్ళ డాక్టరు దగ్గర అన్నేళ్ళు నర్సు పని చేసి రిటైరైన మనిషివి. హాయిగా కూర్చోవచ్చు. నేల విడిచి సాము అంటే ఏదో సామెత అనుకున్నాను ఇన్నాళ్ళూ. దానికి బడి కూడా ఉంటుందనీ, మా చెల్లెలే అందులో చేరుతుందనీ అనుకోలేదు.

నాకు ఒక్కటే ధైర్యం. మీ సారు పెద్దవాడనీ, నెమ్మదస్తుడనీ, ఎప్పుడూ పక్క సీటులోనే ఉంటాడనీ రాశావు. అలాంటివాళ్ళు దొరకరు. ఆయన మాట విను. ఎదురు చెప్పకు.

దిండు సరిపోయిందో లేదో రాయి.

అన్నయ్య

*

ఫిబ్రవరి 21

అన్నయ్యా,

దిండు కాదు, సింహాసనం పంపావు. దాని మీద కూర్చున్నాక మొదటిసారి విమానం ముక్కు అవతల లోకం ఉందని తెలిసింది. ఇన్నాళ్ళూ రన్‌వే ఉందని సారు చెబితే నమ్మడమే. ఫ్లయింగ్ స్కూల్లో అందరూ దాన్ని నొక్కి నొక్కి చూశారు. మెకానిక్ అయితే, "అమ్మగారూ, ఇది విమానం కంటే గట్టిగా ఉంది" అన్నాడు.

వదినకి చెప్పు, మంచం దిగడానికి పీట వాడేది నేను కాదు, వాళ్ళాయన. పెళ్ళి ఫొటోలో ఆయన కాళ్ళ కింద ఏం పెట్టారో నాకు గుర్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. కోప్పడకుండా చదువు.

నేను బడి మారుతున్నాను.

ఎందుకో చెబుతాను. ఈ చిన్న విమానంలో రెండు స్టీరింగులుంటాయి, ఒకటి నా ముందు, ఒకటి సారు ముందు. రెండూ ఒకదానికొకటి ముడివేసినట్టు కలిసే కదులుతాయి. నెల నుంచి నా ల్యాండింగులు దూదిలా దిగుతున్నాయి. సారు "శభాష్ అమ్మా" అంటున్నారు. నేను గాల్లో తేలుతున్నాను, దిగాక కూడా. మొన్న దిగుతుంటే టక్కుమని చప్పుడైంది. చూస్తే సారు ఉంగరం. ఆయన స్టీరింగుకి తగిలింది. అంటే చేయి అక్కడే ఉంది! నేను లాగే లోపు ఆయన లాగేస్తున్నారు. ఇన్నాళ్ళూ నావి అనుకున్న ల్యాండింగులన్నీ ఆయనవే అన్నయ్యా.

"సారూ, మీ చేయి తీయండి" అన్నాను.

"తీశానమ్మా" అన్నారు.

తీసింది చిటికెన వేలు.

ఇంకో నాలుగుసార్లు అడిగాను. పాపం, ఆయన వల్ల కాదు. నేర్చుకునేవాళ్ళు ఒక రోజు సారు లేకుండా ఒక్కరే పైకెళ్ళి తిరిగి రావాలి. సోలో అంటారు దాన్ని. అది కాకుండా లైసెన్సు రాదు. నా తరువాత చేరిన కుర్రాళ్ళందరినీ పంపారు. నా దగ్గరికొచ్చేసరికి "చూద్దాంలే అమ్మా, ఈరోజు గాలి ఎక్కువగా ఉంది" అంటారు. బయట గాలి చూపించే జెండా గుడ్డ కర్రకి అతుక్కుని నిద్రపోతుంటుంది.

నాకు ఎవరు గుర్తొచ్చారో చెప్పనా? సైకిలు నేర్పిన ఒక మహానుభావుడు. సీటు వెనక పట్టుకుని వీధి పొడుగునా నా వెనకే పరిగెత్తావు. "వదులు అన్నయ్యా" అంటే "వదిలేశా, వదిలేశా" అనేవాడివి. తిరిగి చూస్తే చేయి అక్కడే. వీధిలో పిల్లలందరికీ మోకాళ్ళ నిండా మచ్చలు, అందరికీ సైకిలొచ్చు. నా మోకాళ్ళ మీద ఒక్క మచ్చ లేదు. సైకిలూ రాదు.

అందుకే మారుతున్నాను. వేరే స్కూలు ఊరికి అవతల ఉంది. ఇక్కడ ఎగిరిన గంటలు అక్కడ లెక్కకొస్తాయి. దిగులు పడకు.

నీ పొట్టి చెల్లెలు

*

మార్చి 2

చెల్లాయికి,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మీ వదిన పైకి ఒకసారి చదివింది.

అసలు జరిగింది వేరే ఉందని నాకు అర్థమైంది. నువ్వు చెప్పవు, నేను అడగకూడదు. కానీ నడిమధ్యలో బడి మారేవాళ్ళు ఎవరు? పంపించేస్తేనే మారతారు. నువ్వు ఆయనతో ఏదో అనే ఉంటావు. డాక్టరు దగ్గర పనిచేసేటప్పుడు కూడా, పళ్ళు తోముకోకుండా వచ్చినవాడిని మొహం మీదే అడిగేసేదానివి.

చేయి వదలలేదని ఫిర్యాదు చేసే మనిషిని నిన్నే చూశాను. వదిలేశాడని ఎవరైనా అంటారు. నేలమీద సైకిలు సంగతి వేరు. పైన వదిలితే ఎక్కడ పడతావు? నీ మోకాళ్ళ మీద మచ్చ లేదంటే అది నా తప్పా?

అందుకని ఒక పని చేశాను. నువ్వు ముందు పంపిన కవరు మీద స్కూలు అడ్రసు ఉంది. మీ పెద్ద సారుకి ఉత్తరం రాశాను. మా చెల్లెలిది నోటి దురుసేగాని మనసు మంచిది, చిన్నప్పుడు అమ్మ పోతే నేనే పెంచాను, ఏమన్నా అని ఉంటే మనసులో పెట్టుకోకండి, మళ్ళీ చేర్చుకోండి అని. ఒంటరిగా మాత్రం పంపకండి అని కూడా రాశాను. రాతలో తప్పులుంటే మన్నించమన్నాను.

మీ వదినకి చూపించకుండా పోస్టు డబ్బాలో వేశాను. తరువాత చెబితే నుదురు కొట్టుకుంది. ఎందుకో చెప్పలేదు.

ఆయన కాళ్ళు పట్టుకోనక్కర్లేదు. ఒక నమస్కారం చాలు.

అన్నయ్య

*

మార్చి 14

అన్నయ్యగారికి, నోటి దురుసు చెల్లెలి నమస్కారం. ఒకటి చాలన్నావుగా.

నన్ను ఎవరూ పంపించలేదయ్యా మహాప్రభో! నేనే వెళ్ళిపోతున్నానని చెప్పి, కాగితాల కోసం ఆఫీసుకి వెళ్ళాను. సరిగ్గా అదే రోజు నీ ఉత్తరం వచ్చింది. సారు బల్ల దగ్గర కూర్చుని చదువుతున్నారు. నన్ను చూసి కళ్ళజోడు తీశారు. "అమ్మా, మీరు నన్ను ఏమన్నారు?" అని అడిగారు.

"నేనేమీ అనలేదు సారూ."

"మరి నేనెందుకు మన్నించాలి?"

ఆయన గుమాస్తా, మెకానిక్, టీ ఇచ్చే ఆవిడ, అందరూ చుట్టూ చేరారు. అమ్మ పోతే నువ్వు పెంచావన్న చోట టీ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. మామూలుగా పైకి వెళ్ళాలనిపించే మనిషిని.

తరువాత సారు కాగితాల మీద సంతకం పెట్టారు. "మీ అన్నగారు ఒంటరిగా పంపొద్దన్నారు. నేనైతే ఆయన మాటే వినేవాణ్ణి అమ్మా. అందుకే మీరు వెళ్ళడం మంచిది" అన్నారు. ఎంత మంచివాడో చూడు. నీలాంటివాడే. మంచితనం ఎక్కువై చేయి వదలడు.

బయటికొస్తుంటే వెనక్కి పిలిచి, "దిండు కుట్టింది ఆయనేనా? నా కుర్చీకి కూడా ఒకటి కుట్టిపెడతారేమో కనుక్కోండి" అన్నారు. కనుక్కుంటున్నాను.

ఇక కొత్త బడి. రెండు బస్సులు మారి వెళ్ళాలి. విమానం వేరే రకం. పాతదానికి రెక్కలు నెత్తిమీద గొడుగులా ఉండేవి. దీనికి కింద. లోపలికి వెళ్ళాలంటే రెక్క మీద కాలు పెట్టి ఎక్కాలి. నా కాలు అంత దూరం వెళ్ళదని ప్లాస్టిక్ స్టూలు తెచ్చారు. నువ్వు నవ్వుతున్నావని తెలుసు. నవ్వుకో.

టీచరు ఒక అమ్మాయి. మన కళ్ళకి చంటిపిల్ల. అందరూ చిన్న టీచరు అంటారు. విమానం ఎక్కగానే ఏం చేస్తుందో తెలుసా? రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకుని కూర్చుంటుంది! "చేతులు ఇక్కడున్నాయి ఆంటీ, మీకు కనబడుతున్నాయిగా. నిజంగా ప్రాణం మీదికొస్తే తప్ప బయటికి రావు" అంటుంది.

ఒకటే చిక్కు. అన్నీ మళ్ళీ మొదటినుంచి చేసి చూపించాలట. పైన నేరుగా వెళ్ళడం, తిరగడం, నెమ్మదించడం, అన్నీ. ఒకటో తరగతిలో కూర్చోబెట్టింది. అవన్నీ ఒప్పుకుంది గాని ల్యాండింగు దగ్గర పరువు పోతోంది. నేలకి అల్లంత ఎత్తున ఉండగానే విమానం ఆగినట్టై, దభేలున పడి, కప్పలా గెంతుతోంది. సారు వేళ్ళు లేని ల్యాండింగు ఇలా ఉంటుందన్నమాట.

వదిన నుదురు ఎలా ఉంది?

చెల్లెలు

*

మార్చి 23

చెల్లాయికి,

ఏం రాయాలో తెలియడం లేదు. ఆఫీసులో అందరూ చదివారంటే నాకు రెండు రోజులు కొట్టు తీయబుద్ధి కాలేదు. తీశాను గాని, షట్టరు సగమే ఎత్తి కూర్చున్నాను. మోటారు సైకిలు సీటు కుట్టించుకోవడానికొచ్చిన మనిషి వంగి చూసి, "ఉన్నారా, పోయారా?" అని అడిగాడు.

మీ వదిన నుదురు బాగుంది. నవ్వి నవ్వి పక్క ఇంటికి కూడా చెప్పింది.

పెద్ద సారుకి దిండు కుట్టాను. నీలం రంగు. చేయి ఆనించుకోవడానికి పక్కన చిన్న మెత్త కూడా కుట్టాను, ఆయన చేయి ఎక్కడైనా ఆనుకుని ఉండాలి కదా. ఇది పరాచికం. అర్థమైందో లేదో.

మీ చిన్న టీచరు సంగతి నాకు నచ్చలేదు. చేతుల మీద కూర్చునే మనిషికి జీతం ఎందుకు? మా కొట్టులో పని నేర్చుకునేవాడి పక్కన నేను అలా కూర్చుంటే సీటుకి నాలుగు మూలలూ నాలుగు ఎత్తుల్లో వస్తాయి. చెబితే వినవు.

కప్పలా గెంతుతోందని రాశావు. అది చదివాక నాకు నిద్ర సరిగా లేదు. ఈ వయసులో నడుం పోతే తిరిగి రాదు. పాత విమానం సీటు కంటే ఈ సీటు గట్టిగా ఉండి ఉంటుంది. అందుకని ఇంకో దిండు కుట్టాను. మొదటిదానికి ఒకటిన్నర రెట్లు మందం. మధ్యలో కొబ్బరి పీచు పొర వేశాను, ఎంత దభేలున పడ్డా నీకు తెలియదు. సారు దిండుతో కలిపి ఈ రోజే పార్సెలు చేశాను. పాతది పక్కన పెట్టి ఇది వాడు.

నా చేతనైంది ఇదే.

అన్నయ్య

*

ఏప్రిల్ 8

అన్నయ్యా,

దిండు అందింది. చాలా బాగుంది.

పెద్ద సారుకి ఆయన దిండు ఇచ్చి వచ్చాను. పక్క మెత్త చూసి చాలాసేపు నవ్వారు. "మీ అన్నగారు ఉత్తరాల్లో కనబడేంత అమాయకులు కారు" అన్నారు.

ఇక్కడ ఎండ ముదిరింది. ల్యాండింగులు అలాగే ఉన్నాయి. కొన్ని రోజులు ఇంకా అన్యాయం. చిన్న టీచరు చేతులు రెండుసార్లు బయటికొచ్చాయి. తను ఏదో ఒకటి మార్చమంటుంది గాని, అది కుదరదులే.

బస్సులో తిరిగొస్తూ ఆలోచించాను. పెద్ద సారు చేయి లేకపోతే నాకు ఇది రాదేమో. ఆయన దగ్గరికే తిరిగి వెళితే, లైసెన్సు రాకపోయినా, అప్పుడప్పుడూ పైకి తీసుకెళతారు. పక్కన ఒక మనిషి పట్టుకుని ఉంటే చాలనుకునేవాళ్ళు లేరా లోకంలో? రెంటికీ చెడకముందే పాత గూటికి చేరడం మంచిదేమో.

నువ్వు సంతోషిస్తావులే.

చెల్లెలు

*

ఏప్రిల్ 15

చెల్లాయికి,

నిజం రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి సంతోషించాను. పాత సారు దగ్గరికి వెళ్ళు అని సగం కాగితం రాశాను కూడా.

మీ వదిన నీ ఉత్తరం తీసుకుని పొయ్యి దగ్గర నిలబడి చదివింది. "ఏమండీ, దిండు గురించి ఎన్ని మాటలు రాసింది?" అని అడిగింది.

"అందింది, చాలా బాగుంది అని రాసిందిగా."

"మొదటి దిండుకి?"

"సింహాసనం అంది. మెకానిక్ ఏమన్నాడో రాసింది. మన పెళ్ళి ఫొటో దాకా వెళ్ళింది."

"మరి రెండోదానికి ఇంతేనా? మీ చెల్లెలు రెండు ముక్కల్లో ఆగే మనిషేనా? డాక్టరు నోరు తెరవమంటే తనే తెరిచి మాట్లాడే రకం. ఏదో దాస్తోంది. టీచరు మార్చమన్నది ఏమిటో ఎందుకు రాయలేదు?"

నేను దారం తీసి చూశాను. నువ్వు ఫిబ్రవరికి ముందు పంపిన దారం, మేకుకి వేలాడుతోంది. అది పాత విమానం సీటుది. కొత్త విమానానికి నువ్వు దారం పంపలేదు. నేనూ అడగలేదు. గెంతుతోందనగానే కుట్టేశాను. ఎవరి కారుకో కొలిచి ఎవరి కారుకో సీటు బిగించినట్టు.

చెల్లాయ్, దిండు అడ్డమైతే తీసేయ్. నేనేమీ అనుకోను. అనుకున్నా రాయను.

ముందు రాసిన సగం కాగితం చింపేశాను. పాత సారు దగ్గరికి వెళ్ళకు. ఆయన మంచివాడు. నేనూ మంచివాణ్ణే అంటున్నావు. మంచివాళ్ళతో నీకు పని జరగడం లేదు. ఆ పిల్లకి చేతుల మీద కూర్చోవడం ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. నా వల్ల కాలేదు. ఆ పిల్ల దగ్గరే ఉండు.

ఈ మాట రాయడానికి నాకు మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా పట్టింది.

అన్నయ్య

*

ఏప్రిల్ 27

అన్నయ్యా, అన్నయ్యా,

ముందు వదిన కాళ్ళకి ఒక నమస్కారం. ఇలాంటి మనిషి మనింట్లో ఉండగా పోలీసులు ఎందుకో.

దాచింది నిజమే. దిండే. చిన్న టీచరు రెండో రోజే కనిపెట్టింది. "ఆంటీ, ఈ సీటుకి కింద పిడి ఉంది, తిప్పితే లేస్తుంది. దిండు అక్కర్లేదు" అంది. నిజంగానే ఉంది. అప్పటికే ఎవరో పొడుగు తక్కువవాళ్ళు దాన్ని పైకి తిప్పి పెట్టారు. దాని మీద నీ దిండు, దాని మీద నేను. తరువాత కొబ్బరి పీచు వచ్చింది. నా తల పైకప్పుకి తగులుతోంది అన్నయ్యా, ఎగరకముందే.

పాత విమానంలో దిగేటప్పుడు ముక్కు ఎంత పైకి కనబడాలో నా కంటికి అలవాటు. ఇక్కడ అంత ఎత్తున కూర్చుంటే ముక్కు ఎప్పుడూ కిందికే ఉన్నట్టు కనబడుతుంది. ఇంకా లేపాలి, ఇంకా లేపాలి అని లాగుతాను. పైనే వేగం అయిపోయి దభేలు. అంతే సంగతి. నువ్వు నా నడుం కాపాడాలని ఎంత మందం చేస్తే అంత గట్టిగా పడ్డాను.

తీసేయమంటే నేనే వినలేదు. "మా అన్నయ్య కుట్టాడు" అన్నాను. "అయితే?" అంది. ఆ పిల్లకి అన్నయ్యలు లేరు, ఎలా చెప్పను? నువ్వు కుట్టింది తీసి పక్కన పెట్టడం నా చేత కాలేదు. సైకిలప్పుడు వదులు వదులు అని అరిచింది నేనే. ఇప్పుడు చూస్తే నేనూ పట్టుకునే ఉన్నాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు స్టూలు ఎక్కి, రెక్క ఎక్కి, కొబ్బరి పీచు దిండు తీసి, వెంట తెచ్చుకున్న ఆకుపచ్చదానితో పాటు వెనక పడేశాను. ఖాళీ సీటులో కూర్చుని పిడి నేనే తిప్పుకున్నాను, ముక్కు అవతల రోడ్డు సరిగ్గా కనబడేదాకా. మొదటి ల్యాండింగు కొంచెం గీరుకుంది. రెండోది బాగుంది. మూడోది దిగిందో లేదో నాకే తెలియలేదు. పక్కకి చూశాను. రెండు చేతులూ తొడల కిందే ఉన్నాయి. వేళ్ళతో సహా.

అన్నయ్యా, ఆ ల్యాండింగు నాది.

తిరిగి వచ్చి ఆపగానే ఆ పిల్ల బెల్టు విప్పింది. తలుపు తీసి రెక్క మీద నిలబడి, "ఆంటీ, నాకు టీ తాగాలనిపిస్తోంది. మీరు ఒక చుట్టు వేసి రండి" అంది. ఏదో అంగడికి వెళ్ళి ఉప్పు తెమ్మన్నట్టు!

దిండ్లు రెండూ వెనక పడేసి ఉన్నాయి. వదులుగా ఏమీ ఉండకూడదు అని కొబ్బరి పీచుదాన్ని కిందికి దించి పట్టుకెళ్ళింది. ఆకుపచ్చది కూడా తీయబోతే, "దాన్ని ఇక్కడ కూర్చోబెట్టు" అన్నాను. పక్క సీటులో పెట్టి, బెల్టు బిగించి, లాగి చూసి, "ఈ ప్రయాణికుడు గోల చెయ్యడు కదా?" అని తలుపు వేసింది.

ఆ పిల్ల బరువు లేకపోయేసరికి విమానం ఎంత చప్పున లేచిందో! కాకిపిల్లని ఎవరో విసిరినట్టు. కింద రోడ్లు, నీళ్ళ ట్యాంకు, మా ఇంటి వీధి, నా డాబా మీద ఆరేసిన దుప్పటి కూడా కనబడింది. తీసి మడత పెట్టలేదని గుర్తొచ్చింది. అంత ఎత్తున కూడా ఆడదాని బుర్ర అక్కడికే పోతుంది.

తిరిగి దిగడానికి రన్‌వేకి ఎదురుగా వచ్చాను. పక్కకి తిరిగి, "పట్టుకున్నావా అన్నయ్యా?" అని పైకే అడిగాను.

దిండు ఏమీ అనలేదు.

మెత్తగా దిగాను.

ఇంకా పరీక్షలున్నాయి, దూర ప్రయాణాలున్నాయి, లైసెన్సుకి టైముంది. కానీ వస్తుంది. వచ్చాక మనుషుల్ని ఎక్కించుకోవచ్చు. మొదట ఎక్కేది ఎవరో నేను ఎప్పుడో అనుకున్నాను. ఫోనులో అడిగితే ఊ అని పెట్టేస్తావని రాసి అడుగుతున్నాను. వస్తావా?

ఇక మచ్చ లేని మోకాళ్ళని చూసి ఏడవని

నీ చెల్లెలు

*

మే 6

చెల్లాయికి,

నీ ఉత్తరం కొట్టుకే వచ్చింది. అప్పుడు నా ఎదురుగా ఒక లారీ డ్రైవరు సీటు కోసం కూర్చుని ఉన్నాడు. చదవడం అయ్యాక నేను ఎవరితోనూ చెప్పకూడదనుకున్నాను. ఆయన "ఏంటి పెద్దాయనా, మంచి కబురా?" అన్నాడు. "మా చెల్లెలు ఒక్కతే విమానం నడిపింది" అన్నాను. "ఏం పని చేస్తుంది?" అంటే "రిటైరైంది" అన్నాను. ఆయన నా వంక అదోలా చూసి, సీటు ఇంకో రోజు కుట్టించుకుంటానని వెళ్ళిపోయాడు. ఎండకి నాకేదో అయిందనుకున్నాడు.

మీ వదిన నీ ఉత్తరం పక్క ఇంట్లో, ఎదురింట్లో చదివి వచ్చింది. పోలీసుల మాట దగ్గర రెండోసారి చదివిందట.

దిండు ఏమీ అనలేదని రాశావు. అది నా దిండే. ఊ కూడా అనదు.

అడిగిన దానికి జవాబు రాయాలి. ఈ కాగితం మీద ఇక్కడిదాకా వచ్చి రెండుసార్లు లేచి నీళ్ళు తాగాను.

వస్తాను.

కొబ్బరి పీచుది మీ మెకానిక్‌కి ఇచ్చేయ్. ఆకుపచ్చది మాత్రం ఎవరికీ ఇవ్వకు. అది నాకు కావాలి. నీ సీటుకి పిడి ఉంది గాని, పక్క సీటుకి ఉందో లేదో నువ్వు రాయలేదు. స్టూలు మీద కూర్చుని మీ వదిన చేత దారం పట్టించాను. ఈ కవరులో పెట్టాను, నా కంటి దగ్గర ఒకటే ముడి ఉంది. రెండో ముడి నువ్వు ఆ పక్క సీటు దగ్గర పట్టి, బయట కనబడేంత ఎత్తుకి వెయ్యి. వేసి తిరిగి పంపు. ఆకుపచ్చది సరిపోకపోతేనే ఇంకో పొర కుడతాను, ఈసారి కొలత లేకుండా కుట్టను. మీ వదిన ముడి చూసి, "అన్నాచెల్లెళ్ళకి ఒకే దిండు చాలు" అంది.

ఇంకో సంగతి. చెప్పాలో వద్దో. నేను ప్రాక్టీసు చేస్తున్నాను. మీ వదిన స్కూటరు నడుపుతుంటే వెనక కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వెళుతున్నాను. మొదటి రోజు వీధి మలుపు దాకా వెళ్ళలేదు, తన భుజం పట్టేసుకున్నాను. "ఏమిటా పట్టు, కొత్త పెళ్ళికొడుకులా" అని నడిబజారులో అంది. నిన్న మార్కెట్టు దాకా వెళ్ళి వచ్చాం. పెద్ద గుంత దగ్గర ఒక చేయి బయటికొచ్చింది. వెంటనే లోపల పెట్టేశాను. మీ వదిన చూడలేదు. నువ్వు మీ చిన్న టీచరుకి చెప్పకు.

లైసెన్సు వచ్చేలోపు ఆ ఒక్క చేయి కూడా నేర్చుకుంటుంది.

ఎక్కాక నేను మాట్లాడను. పట్టుకున్నావా అని నువ్వు అడగొద్దు.

దారం తొందరగా పంపు, దానితో పాటు నాలుగు ముక్కలు రాయి. పోస్టు మనిషి వచ్చే వేళకి షట్టరు పూర్తిగా ఎత్తే ఉంచుతున్నాను.

అన్నయ్య